అడుగు లైను దాకా

మా ప్రూఫ్ రూములో నిశ్శబ్దం అనేది ఉండేది కాదు. ఏడు బల్లలు, బల్లకి ఇద్దరు మనుషులు. కుర్చీలో కూర్చునేది ప్రూఫ్ రీడరు, పర్మనెంటు మనిషి. పక్కన స్టూలు మీద కూర్చునేది కాపీ హోల్డరు, రోజుకూలీ మనిషి. మమ్మల్ని డైలీలు అనేవాళ్ళు. అసలు కాగితం డైలీ చేతిలో ఉంటుంది, అచ్చయిన కాగితం రీడరు ముందుంటుంది. డైలీ పైకి చదవాలి, రీడరు విని దిద్దాలి. కామాలూ, ఫుల్‌స్టాపులూ, బ్రాకెట్లూ అన్నీ నోటితో చెప్పాల్సిందే. ఏడు నోళ్ళు ఒకేసారి ఏడు కాగితాలు చదువుతుంటే కొత్తవాళ్ళకి తలనొప్పి వచ్చేది. మాకు మాత్రం ఎవరి గొంతు వాళ్ళకి శుభ్రంగా వినపడేది.

పదకొండేళ్ళు ఆ స్టూలు మీద కూర్చున్నాను. నా బల్ల దగ్గర కుర్చీలో ఉండేది మా నాన్నే. ఆఫీసులో ఆయన్ని సార్ అనాలి. ఎనిమిదింటికి కాఫీ గ్లాసు అందిస్తూ నాన్నా అన్నదాన్ని, తొమ్మిదింటికల్లా సార్ అనడం మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యే ప్రతి కాగితానికీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. ఎక్కడ అచ్చయిందో, ఎన్ని ప్రతులో, ఏ శాఖకో అందులో ఉంటుంది. ప్రపంచంలో ఎవరూ దాన్ని చదవరు. మేం చదవాలి. "అడుగు లైను వదిలేసినవాడు ఇల్లంతా సర్ది తలుపు వెయ్యకుండా పడుకున్నవాడితో సమానం" అని నాన్న నాకు మొదటిరోజే చెప్పాడు. నలభై ఏళ్ళలో ఆయన ఒక్కనాడూ దాన్ని వదల్లేదు.

ఆయన కళ్ళు మాత్రం రెండేళ్ళ క్రితమే ఆయన్ని వదిలేశాయి. రెండింటికీ పొరలు. ఆపరేషనంటే భయం, ఆఫీసుకి తెలిస్తే ఇంకా భయం. అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను అసలు కాగితం చదువుతూనే ఓరకంట అచ్చుకాగితం కూడా చూసేదాన్ని. తప్పు కనపడితే అక్కడ నా చూపుడువేలు పెట్టేదాన్ని, నా వేలున్న చోట ఆయన ఎర్రపెన్సిలు పడేది. కింద సంతకం ఆయనది. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, ఎవరినడిగినా తెలియదనే అంటారు.

నాకు బాధ ఉండేది కాదు. ఎందుకంటే ఆ నెలాఖరుకి నాన్నకి అరవై నిండుతున్నాయి. ఆయన దిగితే ఖాళీ వస్తుంది. ఖాళీ వస్తే డైలీల జాబితాలో మొదటి పేరుకి పర్మనెంటు. మొదటి పేరు నాది. ఒక్కటే మెలిక, ముప్పై అయిదు నిండకూడదు. నాకు వచ్చే నెల పందొమ్మిదో తారీఖున నిండుతాయి. అంటే నాన్న దిగాక పద్దెనిమిది రోజులు నా చేతిలో ఉన్నాయి. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే పర్మనెంటయ్యాక చూద్దామనేదాన్ని. అదీ కాలేదు, ఇదీ కాలేదు అని అమ్మ దెప్పేది.

ఆర్డరు వచ్చింది పన్నెండో తారీఖు మధ్యాహ్నం. అర్జంటు అని ఎర్రచీటీ అంటించి మా బల్ల మీద పడేశారు. ఎన్నికలు ప్రకటించబోతున్నారని అప్పటికే గుసగుసలు. నాన్న గొంతు సవరించుకుని "ఊఁ" అన్నాడు. ఊఁ అంటే మొదలుపెట్టమని.

"ప్రజల ఆయుష్షు పెరిగినందున కామా, అనుభవజ్ఞుల సేవలు ప్రభుత్వానికి అవసరమైనందున కామా, ఉద్యోగుల పదవీ విరమణ వయసును అరవై నుంచి అరవై మూడు సంవత్సరాలకు పెంచడమైనది..."

అక్కడ నా గొంతు ఆగింది. నాన్న పెన్సిలు కూడా ఆగింది.

"ఫుల్‌స్టాప్" అన్నాడాయన, నేను చెప్పాల్సిన మాట తనే చెప్పి. "ఊఁ, కానీ."

రెండో అంశం చదివాను. కొనసాగేవాళ్ళు కంటిచూపు సరిగా ఉన్నట్టు ప్రభుత్వ వైద్యుడి నుంచి ధ్రువపత్రం తేవాలి. మూడో అంశం చదివాను. పాత వయసుకే దిగిపోదలచినవాళ్ళు ఇరవై ఏడో తేదీలోగా ఆ సంగతి రాసి ఇవ్వవచ్చు. నాలుగోది ఒక్కటే వాక్యం. కొత్త నియామకాల వయోపరిమితిలో ఏ మార్పూ లేదు.

నాలుగోది నా గురించి. ఆ వాక్యం పదకొండేళ్ళుగా చదువుతున్న నా నోటితోనే చదివి, దానికి నా నోటితోనే ఫుల్‌స్టాప్ పెట్టి, అడుగు లైను దాకా వెళ్ళి, సంతకం కోసం కాగితం నాన్న ముందుకి తోశాను.

అప్పటికి పక్క బల్లలు చదవడం ఆపేసి వింటున్నాయి. మా పక్కన ఉండే రీడరుని కామాగారు అనేవాళ్ళం, ఆయన మాటకి ఫుల్‌స్టాప్ ఉండదు గనక. కామాగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చూశారా, నేను చెప్పలేదూ, మన విలువ ఇన్నాళ్ళకి తెలిసింది, ఇలాంటి ప్రభుత్వానికి ఓటు వెయ్యకపోతే కళ్ళు పోతాయి, ఏమంటారు, మా ఇంట్లో ఆరు ఓట్లున్నాయి, ఆరూ..."

కుర్చీలు నవ్వాయి. ఏడు స్టూళ్ళ మీద మాత్రం ఒక్కరూ నవ్వలేదు. కామాగారి దగ్గర చదివే అమ్మాయిని చిలక అంటాం, అంత గడగడా చదువుతుంది. ఆ చిలక నా వైపు చూసి చప్పున తల దించుకుంది. జాబితాలో నా తర్వాతి పేరు దానిదే.

ఆ సాయంత్రం ఇంట్లో నేనే కదిపాను. నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాడు. కొక్కెం దొరక్క గోడ తడుముతున్నాడు.

"ఆ మూడో అంశం కింద ఎప్పుడు రాసిస్తున్నావు నాన్నా?"

"ఏం రాసివ్వాలి?"

"దిగిపోతానని."

చొక్కా కొక్కేనికి పడింది. ఆయన నెమ్మదిగా వచ్చి కూర్చున్నాడు.

"ఎందుకు దిగాలే? ప్రభుత్వం ఉండమంటోంది. నేనేమైనా అడిగానా, వాళ్ళ కాళ్ళు పట్టుకున్నానా? నా హక్కు అది."

"నువ్వు ఉంటే నాకు రాదు. పందొమ్మిది దాటితే ఇంక ఎప్పటికీ రాదు."

"నీకేం, చిన్నదానివి. వయసుంది. ఇంకోటి దొరుకుతుంది."

"వయసు లేదనే కదా ఆ నాలుగో అంశంలో ఉంది! నువ్వే సంతకం పెట్టావు!"

అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది. "అరవకండి. గోడలకి చెవులుంటాయి. వచ్చే జీతం ఎవరు వదులుకుంటారే? ఆయన ఇంట్లో కూర్చుంటే పొద్దుటి నుంచీ నా తప్పులు దిద్దుతాడు, అది మాత్రం నాకు బావుంటుందా?"

"చూడు" అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. "ఈ మూడేళ్ళ జీతం నేనేమన్నా కట్టుకుపోతానా? నీకే కదా. నాది వేరు, నీది వేరూనా ఈ ఇంట్లో?"

ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎంత తియ్యగా ఉంటుందో చూడండి. నీకే కదా! ఆయన జీతం నాకు ఎప్పుడూ చేతిఖర్చే. చేతిఖర్చుకి చెయ్యి చాపాలి, అడిగినప్పుడల్లా దేనికో చెప్పాలి. నా జీతమైతే నేను చెయ్యి చాపక్కర్లేదు. దిగాక ఆయనకి పెన్షనుంటుంది, ఆయన తర్వాత అమ్మకి సగం పెన్షనుంటుంది, నాకు చాపిన చెయ్యి మాత్రం అలాగే ఉంటుంది. ఇదంతా ఆ సాయంత్రం అనలేకపోయాను. ఏడుపు వచ్చేసింది. ఏడిస్తే మన మాటకి విలువ పోతుంది. నాన్న తల నిమిరాడు. ఆ నిమరడం ఇంకా కోపం తెప్పించింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నాన్న ఒక చుట్ట చుట్టిన కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. కళ్ళ డాక్టర్ల గదుల్లో గోడకి వేలాడే అక్షరాల పటం అది. పైన ఒకటే పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి. ఆ పటం అచ్చేసేది కూడా మా ముద్రణాలయమే. పాత ప్రూఫుల బీరువాలోంచి తీసుకొచ్చాడు.

"ఊఁ" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. 

"బుధవారం పరీక్ష. రెండుసార్లు చదివితే నాకు వచ్చేస్తుంది. నీ గొంతు విన్నానంటే మరిచిపోను, తెలుసుగా."

"నా ఉద్యోగం ఆపడానికి నా కళ్ళే కావాలా నీకు?"

"తండ్రికి సాయం చెయ్యమంటున్నానే. దొంగతనం చెయ్యమనట్లేదు."

అమ్మ కూరగాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఆగింది. ఆమె ఏదైనా అంటుందని చూశాను. కత్తి మళ్ళీ కదిలింది.

ఎందుకు చదివానని నన్ను చాలామంది అడిగారు. పదకొండేళ్ళ అలవాటు ఒకటి. ఆయన నా ఎదురుగా తల పక్కకి వంచి, కుడిచెవి నా వైపు పెట్టి కూర్చుంటే నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మొదటి లైను, న. రెండో లైను, గ, ప. మూడో లైను, ల, ర, త. అలా ఎనిమిదో లైను దాకా. ఆయన పెదాలు నాతోపాటే కదులుతున్నాయి.

ఎనిమిదో లైను అయిపోయింది. డాక్టరు అడిగేది అక్కడి దాకానే. నేనక్కడ ఆగాను.

"అయిందా?"

పటం అడుగున ఇంకొక లైను ఉంది. నాకే పది అంగుళాల దూరంలో కష్టమ్మీద కనపడేంత లైను. మేము ఎప్పుడూ వదలని లైను.

"అవలేదు" అని అదీ చదివాను. "ప్రభుత్వ ముద్రణాలయం కామా, పదివేల ప్రతులు కామా, బ్రాకెట్ మొదలు ఆరోగ్య శాఖ బ్రాకెట్ ముగింపు."

చదవక్కర్లేదు. చదివాను. కావాలనే చదివాను. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. నాన్నకి అనుమానం రాలేదు. నలభై ఏళ్ళుగా ఏ కాగితమైనా అక్కడితోనే ముగుస్తుంది ఆయనకి. రెండోసారి చదివినప్పుడు నాకన్నా ముందే అందుకుని, బ్రాకెట్ ముగింపు దాకా అప్పజెప్పి, పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు.

డాక్టరే పట్టుకుంటాడనుకున్నాను. కన్నతండ్రిని నా నోటితో గుడ్డివాడనే పని తప్పుతుంది, పైవాడెవడో న్యాయం చేసేస్తాడని నా ఆశ. అంతకన్నా పిరికితనం ఇంకోటి లేదని తర్వాత తెలిసింది.

బుధవారం ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది నేనే. కంటి పరీక్షకి మనిషిని నడిపించుకుపోతుంటే చూసినవాళ్ళెవరికైనా అనుమానం రావాలి. వరండాలో ఉన్నవాళ్ళంతా అదే పనిమీద వచ్చారు గనక ఎవరికీ రాలేదు. తలపండినవాళ్ళు ఇరవై మంది, వాళ్ళని తీసుకొచ్చిన కొడుకులూ కూతుళ్ళూ ఇరవై మంది. మా ముందు పెద్దాయన గోడకి నమస్కారం పెట్టి లోపలికి పోయాడు, నవ్వుకుంటూ పత్రంతో బయటికి వచ్చాడు.

డాక్టరు మా నాన్న ఈడువాడే. సోడాబుడ్డి కళ్ళద్దాలు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కన్ను మూసుకుని మొదలుపెట్టాడు. మూసుకున్న కన్నూ ఒకటే, తెరిచిన కన్నూ ఒకటే. న. గ, ప. ల, ర, త. తడబాటు లేదు. ఎనిమిదో లైను అయింది. డాక్టరు కలం తెరిచాడు.

నాన్న ఆగలేదు.

"ప్రభుత్వ ముద్రణాలయం కామా, పదివేల ప్రతులు కామా, బ్రాకెట్ మొదలు ఆరోగ్య శాఖ బ్రాకెట్ ముగింపు" అన్నాడు. అని, చేతిలో ఎర్రపెన్సిలు ఉన్నట్టు గాలిలో సంతకం కూడా చేశాడు.

డాక్టరు లేచి పటం దగ్గరికి నడిచాడు. వంగాడు. కళ్ళద్దాలు తీసి, ముక్కు పటానికి ఆనించి అడుగున వెతికాడు. చాలాసేపటికి లేచి ముందు నాన్నని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకున్నాను.

"ముప్పై ఏళ్ళుగా ఈ గదిలో ఉన్నానండీ" అన్నాడు డాక్టరు. "అక్కడ అక్షరాలున్నాయని ఇవాళే తెలిసింది."

నాన్నకి అప్పుడు అర్థమైంది. మెడ మీద చెమట పట్టడం వెనక నుంచి నాకు కనపడింది.

"మీకెప్పుడు నిండుతున్నాయి?" అడిగాడు డాక్టరు.

"ఈ నెలాఖరుకండి."

"నాకు వచ్చే నెల." డాక్టరు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "నేనూ ఇలాగే ఒకరి ముందు కూర్చోవాలి. ఈ చూపు కుర్రకారుకి కూడా ఉండదు సుమండీ!"

పెద్దగా నవ్వి, సరిగా ఉన్నది అని రాసి, ముద్ర గుద్దాడు. నాన్న కూడా నవ్వాడు. ఇద్దరూ ఒక బడిలో చదువుకున్నవాళ్ళలా చేతులు కలుపుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నా వైపు చూసి డాక్టరు, "మీ నాన్నగారు గట్టివారమ్మా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో నాన్న అడిగాడు.

"ఆ అడుగు లైను ఎందుకు చదివావు?"

"ఎప్పుడూ చదివేదేగా. నువ్వు నేర్పిందేగా."

"తండ్రికే గొయ్యి తవ్వావు."

"నువ్వు పడలేదుగా. పడింది నేనే."

ఇరవై ఏడో తారీఖు దాకా ఇంట్లో మాటల్లేవు. ఆ రోజు పొద్దున ఒక తెల్లకాగితం, కలం ఆయన కాఫీ పక్కన పెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే కాగితం తెల్లగానే ఉంది, దాని మీద కాఫీ గ్లాసు ముద్ర గుండ్రంగా పడి ఉంది. అమ్మ దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి డబ్బా కింద వేసింది. "డబ్బా కదలకుండా పనికొస్తుంది" అంది, నా మొహం చూడకుండా.

ఇరవై తొమ్మిదిన బ్యాలెట్ కాగితాల ప్రూఫులు వచ్చాయి. గుమ్మం దగ్గర పోలీసులు. రీడర్లందరికీ ముందురోజే పోస్టులో ఓటు వేసుకునే ఫారాలు పంచారు, ఎన్నికల రోజున డ్యూటీ ఉంటుందని. డైలీలకి పంచలేదు. అడిగితే, మీరు ఉద్యోగులు కాదు కదా, మీకు ఫారం రాదన్నారు. మరి ఆ రోజు సెలవిస్తారా అంటే, పని ఉంది కదా, సెలవెలా ఇస్తామన్నారు. ఓటు కాగితాలు చదివి దిద్దేవాళ్ళకి ఓటు లేదు. ఇంత చక్కటి ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వాళ్ళని మెచ్చుకోవాలి.

మా బల్ల మీద కాగితం పెట్టారు. నిలబడ్డవాళ్ళు ముగ్గురు. ముగ్గురి వివరాల పత్రాలూ అంతకుముందు నేనే చదివాను. ఒకాయనకి అరవై ఎనిమిది, ఒకాయనకి డెబ్బై ఒకటి, ఒకావిడకి అరవై నాలుగు. ఒకరు పెద్దవాళ్ళకి పెన్షను పెంచుతామన్నారు, ఇంకొకరు అంతకన్నా ఎక్కువ పెంచుతామన్నారు, మూడోవారు అరవై మూడుని అరవై అయిదు చేస్తామన్నారు. మా స్టూళ్ళ గురించి ముగ్గురిలో ఒక్కరికీ ఒక్క వాక్యం తట్టలేదు.

"ఊఁ" అన్నాడు నాన్న.

నేను చదవలేదు.

"ఊఁ."

కాగితం బల్ల మీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏమైందే? చదువు."

"మీకు సర్టిఫికెట్టుంది కదా సార్" అన్నాను. "చదువుకోండి."

గట్టిగా అనలేదు. అయినా పక్కన చిలక విన్నది. చదువుతున్న పేరు మధ్యలో ఆపేసింది. దాని పక్క స్టూలు ఆగింది. ఆ పక్కది ఆగింది. ఒక్కొక్క గొంతూ ఆగిపోతుంటే చివరికి కిటికీ అవతల మిషన్ల చప్పుడు వినపడింది. ఆ గదిలో కూర్చుని ఆ చప్పుడు వినడం నాకదే మొదటిసారి. కామాగారు కాగితాన్ని ముక్కు దగ్గరికీ, చేతి దూరానికీ మార్చి మార్చి చూసుకుంటున్నాడు. ఆయనకి కూడా సర్టిఫికెట్టు ఉంది.

మేనేజరు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏమిటీ, ఎవరన్నా పోయారా ఇక్కడ? ఎవరు ఆపారు?"

నేను లేవబోయాను. నాకన్నా ముందు నాన్న లేచాడు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు కనపడదు సార్" అన్నాడు.

"ఏంటి?"

"నాకు కళ్ళు కనపడటం లేదు. రెండేళ్ళయింది. దిద్దింది మా అమ్మాయే. నేను సంతకం పెట్టాను, అంతే. ఈ కుర్చీ దానిది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ మాట ఇరవై ఏడున అని ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. అన్నది ఇరవై తొమ్మిదిన. అయినా నిజం చెప్తున్నాను, నలభై ఏళ్ళు తల ఎత్తుకు తిరిగిన మనిషి అందరి ముందూ అలా అంటుంటే ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

మేనేజరు గారికీ ఆ ఏడాదే అరవై.

"కూర్చోండి" అన్నారు.

"సార్, నేను చెప్పేది..."

"మీకు కనపడుతుందని ప్రభుత్వం రాసిచ్చింది. కాదనడానికి మీరెవరండీ? ఇప్పుడు మీకు కనపడదంటే ఆ డాక్టరు అబద్ధం చెప్పినట్టు, రెండేళ్ళ గెజెట్లన్నీ ఎవరో దారినపోయే మనిషి దిద్దినట్టు. ఎన్నికల ముందు నాకెందుకండీ ఈ గోల? కూర్చోండి." మా వైపు తిరిగారు. "మీకు ఇష్టం లేకపోతే చెప్పండి. గేటు బయట చదవగలిగినవాళ్ళు యాభై మంది నిలబడి ఉన్నారు."

అది నిజమే. అందుకే మొదట చిలకే అందుకుంది. కళ్ళ నీళ్ళు కారుతుంటే గడగడా చదివింది. దాన్ని నేనేమీ అనను. దానికి ముప్పై మూడు, జాబితాలో దానికి ఇంక నేను అడ్డం లేను. తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. గది మళ్ళీ మామూలు గదైంది.

నేను టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచాను. గుమ్మం దగ్గర పోలీసు సంచీ వెతికి వదిలిపెట్టాడు. వెనక నుంచి ఆ ఆరు గొంతుల్లో ఏడోది వినపడింది. నాన్న తనే పైకి చదువుకుంటున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, కామా అంటూ.

పందొమ్మిదో తారీఖున నాకు ముప్పై అయిదు నిండాయి. అమ్మ కొత్త బట్టలు పెట్టింది. కట్టుకోలేదు.

ఇరవై ఒకటిన పోలింగు. మా ప్రూఫ్ రూము స్టూళ్ళలో ఆ ఎన్నికల్లో ఓటు వేసింది నేనొక్కదాన్నే. ఉద్యోగం పోయింది గనక తీరిక దొరికింది. నాన్న డ్యూటీ మధ్యాహ్నం నుంచి. "నేనూ వస్తాను, దారిలో నన్ను ఆఫీసు దగ్గర దింపు" అని బయల్దేరాడు. పోలింగు జరిగే బడి గేటు బయట గోడకి చేరబడి నిలబడ్డాడు.

కాగితం చేతికిచ్చారు. అట్ట తెర వెనక నిలబడి చదివాను, మా బల్ల మీదికి వచ్చిన ఆ మూడు పేర్లే, వయసులు నాకు గుర్తే. అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి, అరవై నాలుగు. వాళ్ళు ముగ్గురూ ముందుముందు దేశానికి చాలా చేయగలిగిన వయసులో ఉన్నారు. మా నాన్న పనికి కుర్రవాడు. ఆ వరసలో ముసలిదాన్ని నేనొక్కదాన్నే. ఇదంతా మేమే అచ్చేశాం, కామాలతో సహా.

అలవాటు కొద్దీ చూపు కిందికి పోయింది. పేర్ల కింద తెల్లగా ఉంది. కాగితం వెలుతురు వైపు తిప్పి చూశాను. వెనక తిప్పి చూశాను. అడుగు లైను లేదు.

"ఏమ్మా, ఇంతసేపా?" అన్నాడు బల్ల దగ్గర గుమాస్తా. "వెనక జనం ఉన్నారు."

ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేసి బయటికి వచ్చాను.

నాన్న నా అడుగుల చప్పుడు పట్టి తల తిప్పాడు. ఎవరికి వేశావని అడగలేదు. ఆయన అడగాలనుకున్నది వేరు.

"ఎలా వచ్చింది? అచ్చు?"

"అడుగు లైను లేదు నాన్నా."

ఆయన చెయ్యి గోడ మీద నుంచి జారింది.

"సరిగ్గా చూశావా?"

"నా కళ్ళు బాగానే ఉన్నాయి."

గంట కొట్టారు, ఆఫీసు వేళయింది. రోడ్డు మీద బళ్ళు ఆగకుండా పోతున్నాయి, ఆయన అటూ ఇటూ తల తిప్పుతున్నాడు గానీ అడుగు ముందుకి పడటం లేదు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. కోపం పోయి కాదు. దాటించకపోతే ఆఫీసుకి వెళ్ళలేడు.